అరచేతిలో కత్తియుద్ధం: ఉపాఖ్యానాలూ, అమ్మకాలూ



తెలుగు పండితుడికి వీడియో ఆటలతో పనేమిటని ఈ టపా శీర్షిక చూసి కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ కథ ఎక్కడుంటే అక్కడ పండితుడికి కొంచెం పని ఉంటుంది. తాటాకు మీద ఉన్నా, తోలుబొమ్మ వెనుక ఉన్నా, వెండితెర మీద ఉన్నా, అరచేతిలో ఇమిడే గాజుపలక మీద ఉన్నా కథ కథే. అది బాగుందా లేదా, దానికి రసం ఉందా లేదా, అది మన పిల్లలను ఏం చేస్తోంది అన్న ప్రశ్నలు ఎక్కడికీ పోవు.

నేడు నేను ఎత్తుకున్న విషయం చిన్నది. కత్తి పట్టిన వీరుడు వందలాది శత్రువులను నరుక్కుంటూ పోయే ఆటల జాతి ఒకటుంది. ఇంగ్లీషులో దానిని హాక్ అండ్ స్లాష్ అంటారు. మనం ముచ్చటగా నరుకుడాట అందాం. ఈ నరుకుడాటలు మొదట టీవీకి తగిలించే పెద్ద యంత్రాల కోసం పుట్టాయి. అవి బాగా అమ్ముడైన తరువాత, వాటి కథలోనుండి ఒక పాయను విడదీసి, జేబులో పట్టే చిన్న యంత్రాలకు వేరే ఆటగా తయారుచేసి అమ్మారు. ఈ పిల్ల ఆటలను చాలామంది పెద్ద ఆటకు తోకలుగా, సొమ్ము చేసుకునే ఎత్తుగడలుగా కొట్టిపారేస్తారు. ఆ తీర్పు సరికాదని నా వాదన. అమ్మకాల లెక్క ఒక్కటే చూసి వాటి విలువ కట్టడం కూడా సరికాదని నా రెండో వాదన.

ముందుగా జాతి లక్షణం చెప్పుకుందాం. జపానులో కోయీ సంస్థ 2000లో విడుదల చేసిన డైనస్టీ వారియర్స్ 2 అనే ఆటలో ఒక్క వీరుడు యుద్ధభూమి అంతా తిరుగుతూ సైన్యాలను చెల్లాచెదురు చేస్తాడు. దాని కథకు మూలం చైనా వారి మూడు రాజ్యాల ఇతిహాస నవల. 2001లో కాప్‌కామ్ వారి డెవిల్ మే క్రై వచ్చింది. అక్కడ ముఖ్యం శత్రువుల సంఖ్య కాదు, కత్తి తిప్పడంలోని సొగసు. 2005లో సోనీ వారి శాంటా మోనికా స్టూడియో గాడ్ ఆఫ్ వార్ తెచ్చింది. గ్రీకు పురాణాలను ఆధారం చేసుకొని, దేవతల మోసానికి బలై తన చేతులతోనే భార్యనూ కూతురినీ చంపుకున్న క్రేటోస్ అనే స్పార్టా యోధుడి కథను అది చెప్పింది. ఈ మూడింటితో నరుకుడాటకు మూడు మార్గాలు ఏర్పడ్డాయి. ఒకటి సంఖ్య, ఒకటి సొగసు, ఒకటి కథ.

మా అమలాపురం వారికి కత్తి తిప్పడం కొత్త విద్య కాదు. దసరాకు ఇక్కడ జరిగే చెడీ తాలింఖానా గురించి వినే ఉంటారు. పందొమ్మిదో శతాబ్ది నడుమనుండి ఇది సాగుతోందని ఊరిలో చెప్పుకుంటారు. కొంకాపల్లి, మహిపాలవీధి, గండువీధి వంటి వీధుల వారు వాహనాల ఊరేగింపుతో కదులుతుంటే, ముందు యువకులు కర్రసాము, కత్తిసాము చేస్తూ నడుస్తారు. కళ్ళకు గంతలు కట్టుకొని, పడుకున్న మనిషి మీద ఉంచిన కాయను ఒక్క వేటుతో రెండు చెక్కలు చేస్తారు, మనిషికి గీత పడదు. చూసేవారి ఊపిరి ఆగేది కాయ తెగినందుకు కాదు, మనిషి తెగనందుకు. కత్తి విద్యలోని గొప్పతనం ఆగడంలో ఉంది. నరుకుడాటను తూచడానికి ఇంతకంటే మంచి తూనికరాయి నాకు దొరకలేదు. ఎన్ని తలలు తెగాయన్నది లెక్క కాదు. ఎక్కడ ఆగాలో, ఎందుకు ఆగాలో ఆ ఆట చెప్పిందా లేదా అన్నది లెక్క.

ఇక పిల్ల ఆటల సంగతి. మన సాహిత్యం చదివినవారికి ఈ పద్ధతి అపరిచితం కానే కాదు. భారతంలో ఉపాఖ్యానాలున్నాయి. అరణ్యపర్వంలోని నలుడి కథ సంస్కృతంలో శ్రీహర్షుడి చేతిలో నైషధీయచరితమై, తెలుగులో శ్రీనాథుడి చేతిలో శృంగారనైషధమైంది. ఆదిపర్వంలో కొద్దిపాటి చోటులో ఉన్న ఉపరిచర వసువు కథను రామరాజభూషణుడు వసుచరిత్ర అనే ప్రబంధంగా పెంచాడు. మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు పుట్టుక కథ పెద్దన మనుచరిత్రకు మూలం. వీటిని భారతానికి తోకలనీ, పురాణానికి అతుకులనీ ఎవరైనా అంటారా? అనరు. ఎందుకంటే ఆ కవులు పెద్ద గ్రంథాన్ని కుదించలేదు. పెద్ద గ్రంథం తన దారిన తాను పోతూ ఆగి చూడలేకపోయిన ఒక చోట వారు ఆగి చూశారు. కుదింపు వేరు, ఉపాఖ్యానం వేరు. కుదింపు చేస్తే కథ చిక్కిపోతుంది. ఉపాఖ్యానంలో కథకు కొత్త కన్ను వస్తుంది. చేతియంత్రపు ఆటలకు కూడా ఈ భేదమే గీటురాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. సోనీ సంస్థ ప్లేస్టేషన్ పోర్టబుల్, అంటే పీఎస్పీ అనే చేతియంత్రాన్ని 2004 డిసెంబరులో జపానులో విడుదల చేసింది. దానికోసం రెడీ ఎట్ డాన్ అనే స్టూడియో 2008 మార్చిలో గాడ్ ఆఫ్ వార్: చైన్స్ ఆఫ్ ఒలింపస్ తయారుచేసింది. 2010 నవంబరులో అదే స్టూడియో నుండి గోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చింది. మొదటిది మూల కథకు ముందు జరిగిన వృత్తాంతం. క్రేటోస్ దేవతలకు ఊడిగం చేస్తున్న పదేళ్ళ కాలంలోనిది. రెండోది అతడి తమ్ముడు డీమోస్ కోసం వెతికే కథ.

2012 జూన్ నాటికి ఈ వరుసలోని ఆటల అమ్మకాలు ఇలా ఉన్నాయి: గాడ్ ఆఫ్ వార్ 46 లక్షలు, రెండో భాగం 42 లక్షలు, మూడో భాగం 52 లక్షలు, చైన్స్ ఆఫ్ ఒలింపస్ 32 లక్షలు, గోస్ట్ ఆఫ్ స్పార్టా 12 లక్షలు. మొత్తం 184 లక్షలు. అందులో రెండు చేతి ఆటలవి కలిపి 44 లక్షలు, అంటే నాలుగో వంతుకు రవంత తక్కువ. పైపైన చూసేవారు ఇక్కడే పుస్తకం మూసి, పెద్దవి గెలిచాయి, చిన్నవి ఓడాయి అని తీర్పు చెబుతారు.

బడిపంతులు అలవాటుకొద్దీ నేను ఇంకొక మెట్టు లెక్క వేశాను. ఆటను కొనాలంటే ముందు యంత్రం ఉండాలి కదా. ప్లేస్టేషన్ 2 యంత్రాలు ప్రపంచమంతటా పదిహేనున్నర కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. పీఎస్పీలు సుమారు ఎనిమిది కోట్లు. అంటే పెద్ద యంత్రం ఉన్నవారిలో నూటికి ముగ్గురు మొదటి గాడ్ ఆఫ్ వార్ కొంటే, చేతియంత్రం ఉన్నవారిలో నూటికి నలుగురు చైన్స్ ఆఫ్ ఒలింపస్ కొన్నారు. పిట్ట కొంచెం, కూత ఘనం!

గోస్ట్ ఆఫ్ స్పార్టా మొదటిదానిలో మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ అమ్ముడైంది కనుక చతికిలబడిందని అనడం కూడా తొందరపాటే. ఆ లెక్క తీసే నాటికి మొదటి ఆట వచ్చి 51 నెలలు. రెండోది వచ్చి 19 నెలలు మాత్రమే. 32 లక్షలను 51తోనూ, 12 లక్షలను 19తోనూ భాగించి చూడండి. రెండూ నెలకు సుమారు 63 వేల దగ్గరే తేలుతాయి! ఆటలు వచ్చిన కొత్తలోనే ఎక్కువగా అమ్ముడవుతాయి కనుక, వయసులో చిన్నదైన రెండో ఆట నెలసరి సగటు ఇంకా పెద్దదిగా ఉండాలి. అలా లేదు కాబట్టి అది కొంత వెనుకబడిన మాట నిజమే. కాని ఆ వెనుకబాటు 32కూ 12కూ మధ్య ఉన్నంత దూరం కాదు. ఒకే అంకెను ఎటు తిప్పితే అటు సాక్ష్యం చెబుతుంది. అంకె అబద్ధమాడదు, దానిని ఒంటరిగా నిలబెట్టినవాడు ఆడిస్తాడు.

సరే, అమ్మకాలను పక్కన పెడదాం. ఆ ఆటలో ఏముంది?

చైన్స్ ఆఫ్ ఒలింపస్ చివర ఒక ఘట్టం ఉంది. చనిపోయిన కూతురు కలియోపీ పుణ్యలోకంలో క్రేటోస్‌కు కనబడుతుంది. ఆమెతో ఉండిపోవడానికి అతడు తన ఆయుధాలనూ, బలాన్నీ వదులుకుంటాడు. ఇంతలో లోకమంతా కూలిపోబోతోందని తెలుస్తుంది. అక్కడ ఉండిపోతే లోకంతోపాటు కూతురూ నశిస్తుంది. ఆమెను కాపాడాలంటే ఆమెను విడిచి మళ్ళీ కత్తి పట్టాలి. కాళ్ళను చుట్టుకున్న పిల్ల వదలదు. అప్పుడు ఆట ఆడేవాడి చేత పని చేయిస్తుంది. బొత్తాన్ని పదేపదే నొక్కుతూ ఆ పిల్లను తోసివేయాలి. అంతవరకూ బొత్తాలు నొక్కి రాక్షసులను చీల్చిన వేళ్ళే, ఇప్పుడు కన్నబిడ్డను దూరం చేయాలి. నొక్కకపోతే కథ కదలదు.

ఇది కరుణరసం. అందులో సందేహం లేదు. పైగా ఇది సినిమాకూ, కావ్యానికీ సాధ్యం కాని పద్ధతిలో కలిగే కరుణ. కావ్యంలో రాముడు సీతను విడిచిపెడితే మనం చదువుతాం. నాటకంలో అయితే చూస్తాం. ఇక్కడ విడిచిపెట్టే చేయి మనదే. ఆలంకారికులు చెప్పిన సాధారణీకరణం, అంటే పాత్ర అనుభవం పాఠకుడి అనుభవంగా మారడం, ఇక్కడ వేలి కొసకు దిగివచ్చింది. ఈ ఘట్టం పెద్ద ఆటలో లేదు, ఉపాఖ్యానంలో ఉంది. రెండు కథల నడుమ ఉన్న ఖాళీలో రచయితలు ఆగి చూశారు కనుక దొరికింది. కలియోపీ అన్నది గ్రీకు పురాణాలలో ఇతిహాస కవిత్వానికి అధిదేవత పేరు. ఆ పిల్లకు ఆ పేరు ఏ ఉద్దేశంతో పెట్టారో కాని, కవితాదేవిని దూరంగా తోసి కత్తి పట్టిన వీరుడి చిత్రం నా మనసులోనుండి పోవడం లేదు.

తావు చిన్నదైతే తెలివికి పదును పెరుగుతుందనడానికి ఇంకో దృష్టాంతం. పీఎస్పీకి బొత్తాలు తక్కువ. పెద్ద యంత్రానికి రెండు తిప్పుడు పుల్లలుంటే దీనికి ఒక్కటే. శత్రువు వేటు తప్పించుకోవడానికి పెద్ద ఆటలో రెండో పుల్లను వాడితే, చిన్నదానిలో భుజాల దగ్గరి రెండు బొత్తాలనూ కలిపి నొక్కి, ఉన్న ఒక్క పుల్లనూ కదపాలి. ఛందస్సు కట్టుబాటు తెలిసినవారికి ఈ కష్టమూ, ఇందులోని ఆనందమూ చెప్పనక్కరలేదు. కందపద్యంలో చోటు చాలడం లేదని ఏ కవీ భావాన్ని వదులుకోలేదు. మాటను మార్చుకున్నాడు, అంతే.

2008 మార్చిలోనే నింటెండో డీఎస్ యంత్రానికి నింజా గైడెన్ డ్రాగన్ స్వోర్డ్ వచ్చింది. ఆ యంత్రానికి రెండు తెరలు. ఈ ఆట కోసం దానిని అడ్డంగా కాక, పుస్తకం విప్పి పట్టుకున్నట్టు నిలువుగా పట్టుకోవాలి. కత్తి తిప్పడానికి బొత్తాలు కాదు, ఒక చిన్న పుల్లతో తెరమీద గీతలు గీయాలి. అడ్డగీతకు ఒక వేటు, నిలువుగీతకు ఇంకొక వేటు. మంత్రశక్తి ప్రయోగించాలంటే తెరమీద కనబడే సంస్కృతాక్షరాన్ని ఆ పుల్లతో దిద్దాలి! జపాను బౌద్ధంలో సంస్కృత బీజాక్షరాలకు ఉన్న గౌరవం ఇలా ఆటలోకి వచ్చి చేరింది. పుస్తకంలా విప్పిన పత్రం, చేతిలో గంటం, దిద్దవలసిన అక్షరం, అక్షరంలోనుండి పుట్టే అస్త్రం. మన అక్షరాభ్యాసానికీ దీనికీ ఎంత దగ్గర! పెద్ద యంత్రపు ఆటను కుదించి ఉంటే ఈ ఊహ పుట్టేది కాదు. చేతియంత్రం ఏమి చేయగలదని అడిగి చూశారు కనుక పుట్టింది.

ఈ వరుసలో అమ్మకాలకూ గుణానికీ పొత్తు కుదిరిన సందర్భమూ ఉంది. డైనస్టీ వారియర్స్ తయారుచేసినవారే నింటెండోతో కలిసి జెల్డా కథాలోకాన్ని తీసుకొని నరుకుడాటలు చేశారు. వాటిలో 2020 నవంబరులో స్విచ్ యంత్రానికి వచ్చిన హైరూల్ వారియర్స్: ఏజ్ ఆఫ్ కెలామిటీ 40 లక్షలకు పైగా చేరింది. స్విచ్ టీవీకీ తగులుతుంది, చేతిలోనూ ఇముడుతుంది. ఆ ఆట 2017 నాటి మూల కథకు నూరేళ్ళ వెనుకటి వృత్తాంతాన్ని ఎత్తుకుంటుంది. మూల కథలో వీరుడు నిద్ర లేచేసరికి యుద్ధం ఎప్పుడో ముగిసింది. మిత్రులంతా గతించారు. వారు జ్ఞాపకాలుగా మాత్రమే మిగిలారు. వారిని మళ్ళీ బ్రతికి ఉన్నవారిగా చూడాలన్న కోరిక ఆడినవారి గుండెలలో ఉండిపోయింది. ఉపాఖ్యానం ఆ కోరికను పట్టుకుంది. ఒకసారి కథ విన్నవారికి మిగిలే ఆకలి ఏమిటో గ్రహించిన కథకుడికి అమ్మకాలు వెతుక్కుంటూ వస్తాయి.

ఇక మన తెలుగునేల మాట. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ తయారుచేయగా, ప్లేస్టేషన్ 2 యంత్రానికి సోనీ వారు 2009లో హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆటను విడుదల చేశారు. ఆ యంత్రానికి పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ఆటగా దానికి పేరు. బాల హనుమంతుడు గద పట్టి రాక్షసులను కొట్టే ఆట. అదే ఏడాది హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా అనే ఆటల సంపుటిని చేసింది. కబడ్డీ, గిల్లీదండ, గాలిపటాల పోటీ వంటివి అందులో ఉన్నాయి. అది ప్లేస్టేషన్ 2తోపాటు పీఎస్పీలో కూడా వచ్చింది. మన బిళ్ళంగోడు అరచేతి యంత్రంలోకి ఎక్కిన ముచ్చట అది.

హనుమంతుడి ఆట మీద అప్పట్లో దుమారం రేగింది. అమెరికాలో ఉండే హిందూ సంఘ నాయకుడు రాజన్ జెడ్ దానిని ఉపసంహరించాలని కోరారు. పూజనీయుడైన దేవుణ్ణి ఆడేవాడి బొత్తాలకు లోబరచడం అపచారమని ఆ వాదన సారాంశం. భక్తిని నేను గౌరవిస్తాను. వాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. మా జిల్లాల వారికి కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాట తెలుసు. దీపాల వెలుగులో తెర మీద హనుమంతుడు సముద్రం దాటుతుంటే పెద్దలు చేతులు జోడిస్తారు. ఆ హనుమంతుడి కాళ్ళూ చేతులూ కదిపేది ఎవరు? తెర వెనుక మనిషి చేతిలోని కర్రలే కదా! కర్రకు లోబడితే భక్తి, బొత్తానికి లోబడితే అపచారం అనడంలో తర్కం లేదు. రామనాటకంలో వేషగాడు తోక కట్టుకుంటే దండం పెట్టిన జాతి మనది. దేవుణ్ణి ఆడించడం మనకు ఆరాధనలో భాగం.

ఆ ఆట అసలు లోపం వేరు. అది విమర్శకుల మెప్పు పొందలేదు. కదలికలు, దృశ్యాలు, ఆట నడక అన్నీ నాసిగా ఉన్నాయన్నారు. హనుమంతుడికి జరిగిన అన్యాయం అది. దుమారం లేవదీసినవారు అడగవలసిన ప్రశ్న, దేవుణ్ణి ఎందుకు ఆడించారు అన్నది కాదు. ఇంత పేలవంగా ఎందుకు ఆడించారు అని. తోలుబొమ్మ చేసేవాడు తోలును నానబెట్టి, పలుచన చేసి, రంధ్రాలు పొడిచి, రంగులద్ది, ఒక్కొక్క కీలునూ కుట్టి నిలబెట్టేవాడు. తరతరాల ఆ శ్రద్ధలో పదోవంతైనా యంత్రంలోకి రావాలి. నా ఫిర్యాదు అంతవరకే.

2017లో బాహుబలి రెండో భాగంతోపాటు బెంగుళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ లాబ్స్ ఫోన్లకు బాహుబలి ఆటను తెచ్చింది. అది నరుకుడాట కాదు, కోట కట్టి సైన్యం పెంచుకునే వ్యూహపుటాట. కత్తియుద్ధానికే ప్రసిద్ధి చెందిన కథకు కత్తి లేని ఆట! కోటలు కట్టే ఆటలు ఫోన్లలో బాగా నడుస్తున్న రోజులవి. ఆ అచ్చులో మాహిష్మతిని పోశారని నా ఉద్దేశం. కట్టప్ప యౌవనం, శివగామి బాల్యం, కాలకేయుల తొలి దండయాత్ర, ఉపాఖ్యానాలకు ఎన్ని గర్భాలు ఆ కథలో ఉన్నాయో చూడండి. పల్నాటి వీరచరిత్ర ఉంది, బొబ్బిలి కథ ఉంది, కాటమరాజు కథాచక్రం ఉంది. ఒక్క కాటమరాజు కథలే ఎన్ని శాఖలుగా పాడుకున్నారు! చైనావారు మూడు రాజ్యాల కథతో, జపానువారు దానిని ఆటగా మలచి చేసినది మనకు అసాధ్యం కాదు. కథ లేక కాదు, ఆగి చూసే ఓపిక లేక.

ఇంతవరకు ప్రశంస. ఇప్పుడు నా భయాలు రెండు చెబుతాను.

మొదటిది సొమ్ము సంగతి. పీఎస్పీ కాలంలో అమ్మకం అంటే ఒక్కసారి వెల చెల్లించి ఆటను ఇంటికి తెచ్చుకోవడం. పుస్తకం కొన్నట్టే. చేతియంత్రం స్థానంలో ఫోను వచ్చాక అమ్మకం అన్న మాటకే అర్థం మారింది. 1990ల చివరినుండి పేరు మోసిన డయాబ్లో అనే నరుకుడాటల వరుసకు ఫోనులో ఆడే రూపం రాబోతోందని 2018లో సంస్థ వారు ప్రకటించినప్పుడు, ఎదుట కూర్చున్న అభిమానులే నిరసించారు. 2022 జూన్‌లో డయాబ్లో ఇమ్మోర్టల్ విడుదలైంది. వెల లేదు, ఉచితం. కానీ వీరుడి కత్తికి పదును రావాలంటే, ఆభరణాలకు శక్తి రావాలంటే, ఏమి దొరుకుతుందో ముందు తెలియని అదృష్టపు పెట్టెల వంటి ఏర్పాట్లకు డబ్బు పోస్తూనే ఉండాలి. అటువంటి పెట్టెలపై కట్టడి ఉన్న బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలలో దానిని విడుదల చేయనేలేదు.

వెల కట్టిన ఆటకు ఒక ముగింపు ఉంటుంది. ఉచితమన్న ఆటకు ముగింపు ఉంటే వ్యాపారం ఆగిపోతుంది. కనుక కథ ముగియదు. ముగియని కథకు ఫలశ్రుతి లేదు. పురాణం చెప్పేవాడు ప్రతి అధ్యాయం చివరా చేయి చాచి, మరో పావలా వేస్తేనే రావణుడు చస్తాడంటే ఎవరు వింటారు? పందెపు డబ్బాటలపై మన ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చింది. కేంద్రం 2025లో చట్టం చేసింది. మంచిదే. కానీ డబ్బు గెలుస్తామన్న ఆశ చూపకుండా, ఊహలోని కత్తికోసం నిజమైన డబ్బును చుక్కచుక్కగా పిండే ఆటల గురించి తల్లిదండ్రులు చట్టం కంటే ముందే ఆలోచించాలి. అమ్మకాల పట్టికలో ఇటువంటి ఆట పైన కనబడితే అది కథకు వచ్చిన గౌరవమని నేను అనుకోను.

దీనికి తోడు చేతి ఆటకు ఒక రహస్యత ఉంది. టీవీకి తగిలించిన ఆట ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. నాయనమ్మ అటుగా వెళ్తూ, ఆ రక్తమేమిట్రా అని అడుగుతుంది. అరచేతిలోని తెర ఆడేవాడికి తప్ప ఎవరికీ కనబడదు. గాడ్ ఆఫ్ వార్ ఆటలను అమెరికాలో 17 ఏళ్ళు నిండినవారికే తగినవిగా వర్గీకరించారు. చెడీ తాలింఖానాలో కత్తి తిరుగుతుంటే పిల్లలు తండ్రి భుజాల మీద కూర్చొని చూస్తారు. చూపించేవాడూ పక్కనే ఉంటాడు, ఎందుకో చెప్పేవాడూ పక్కనే ఉంటాడు. పిల్లవాడు ఒంటరిగా కత్తి పట్టినప్పుడు ఆ రెండో మనిషి లేడు. ఆట మంచిదైనా సరే, ఆ ఖాళీని పెద్దలు పూరించాలి. లాక్కోవడం కాదు, పక్కన కూర్చోవడం. కలియోపీని తోసేసినప్పుడు నీకేమనిపించిందిరా అని ఆ వయసు వచ్చిన మనవణ్ణి అడిగితే, ఏ పాఠంలోనూ రాని మాటలు వస్తాయి.

రెండో భయం ఇంకా పెద్దది. ఈ ఆటలు మాయమైపోతున్నాయి. గాడ్ ఆఫ్ వార్ వరుసలోనే 2007లో బిట్రేయల్ అనే చిన్న ఆట పాతకాలపు జావా ఫోన్ల కోసం వచ్చింది. పక్కవాటుగా నడిచే బొమ్మల ఆట. నేడు దానిని అంగడిలో కొనుక్కొని ఆడే దారి లేదు. ఆ ఫోన్లే పోయాయి. పీఎస్పీకి సంబంధించిన సోనీ వారి అంగడి కొనుగోళ్ళు 2021 జులైలో మూతపడ్డాయి. పీఎస్పీ ఆటలు రెంటినీ 2011లో పెద్ద యంత్రమైన ప్లేస్టేషన్ 3కి మార్చి ఒక సంపుటిగా ఇచ్చారు కనుక అవి మరికొంతకాలం బ్రతికాయి. వాటిని చేసిన రెడీ ఎట్ డాన్ స్టూడియో 2024 ఆగస్టులో మూతపడింది. అమెరికాలో విడుదలైన పాత ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది.

ఈ అంకె చదివినప్పుడు నాకు మన తాళపత్రాలు గుర్తుకు వచ్చాయి. బ్రౌను దొర ఊరూరా మనుషులను పంపి ప్రతులు తెప్పించి, సరిచూయించి రాయించకపోతే మనకు ఎన్ని గ్రంథాలు మిగిలేవో! నన్నెచోడుడి కుమారసంభవం శతాబ్దాల మరుగున ఉండి, మానవల్లి రామకృష్ణకవి గారి పుణ్యమా అని 1909లో అచ్చులో వెలుగు చూసింది. తాటాకు చెదలు పట్టినా మూడు నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. 2007 నాటి ఆట ఇరవై ఏళ్ళు నిలవలేదు. పైగా చేతి ఆటలకే ఈ గండం ఎక్కువ. అవి వాటి యంత్రపు బొత్తాలకూ, తెరకూ, పుల్లకూ అంటుకుపోయి పుట్టినవి. యంత్రం పోతే ప్రాణం పోతుంది. దేనివల్ల అవి గొప్పవయ్యాయో దానివల్లే అవి అల్పాయుష్కులు.

అమ్మకాలు ఇక్కడ ఇంకొక అన్యాయం చేస్తాయి. 50 లక్షలు అమ్మినదానిని కొత్త యంత్రానికి మార్చి మళ్ళీ అమ్ముతారు. కొద్దిగా అమ్ముడైనదానిని పట్టించుకునేవాడు ఉండడు. అంటే నిన్నటి సంతలో ఎవరు గెలిచారన్నదే, రేపటివారు ఏమి చూడగలరన్నదాన్ని నిర్ణయిస్తోంది. సాహిత్యంలో ఈ న్యాయమే నడిచి ఉంటే, రాజాస్థానంలో పల్లకి ఎక్కిన కావ్యాలు తప్ప మనకు ఏమీ మిగిలేవి కావు. హైదరాబాదులో తయారైన ఆ హనుమంతుడి ఆట, ఆ దేశీ అడ్డా ఎలా ఉన్నా సరే, మన తొలి ప్రయత్నాలు. వాటి ప్రతులనూ, వాటిని తయారుచేసినవారి మాటలనూ ఏ విశ్వవిద్యాలయమో, ఏ గ్రంథాలయమో భద్రపరచాలి. తొలి తెలుగు టాకీని ఎంత శ్రద్ధగా స్మరిస్తామో, తొలి ఆటలను కూడా అలాగే స్మరించే రోజు వస్తుంది. ఆ రోజుకు చూపించడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

చివరిగా నా మాట ఇది. చిన్న యంత్రపు ఆట పెద్దదానికి తోక కాదు. బాగా చేస్తే ఉపాఖ్యానం, బాగా చేయకపోతే కుదింపు. దానిని తూచేటప్పుడు ఎన్ని అమ్మారన్న ప్రశ్న అడగండి, తప్పులేదు. అయితే ఎందరికి అమ్మే వీలుందో, ఎంతకాలంలో అమ్మారో కూడా అడగండి. ఆ తరువాత అసలు ప్రశ్న అడగండి: కత్తి ఎక్కడ ఆగింది? కాయ తెగి, మనిషి తెగకుండా నిలిచిందా? అలా నిలిచిన చోట రసం ఉంటుంది. నిలవని చోట కేవలం బొత్తాల చప్పుడు ఉంటుంది.

మిత్రులలో ఆటల తయారీలో పనిచేసినవారు, పనిచేస్తున్నవారు ఉన్నారని ఎరుగుదును. కాటమరాజు కథలోనుండో, పల్నాటి కథలోనుండో అరచేతిలో ఇమిడే ఒక ఉపాఖ్యానాన్ని మీరు ఎంచవలసి వస్తే ఏ ఘట్టం ఎంచుతారు? ఏ బొత్తం దగ్గర ఆడేవాడి వేలు వణకాలి? వ్యాఖ్యలలో తెలియజేయగలరు.

స్వస్తి.